తిన్నాక పావుగంట నడక: షుగర్, హెపటైటిస్ సి, నా లివర్

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇప్పుడే భోజనం అయింది. గిన్నెలు సింక్‌లోనే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత. ముందు షూ వేసుకుని బయటపడదాం, ఈరోజు కబుర్లన్నీ నడుస్తూనే. తిన్న వెంటనే ఒక పావుగంట నడక, నాకిప్పుడు టాబ్లెట్ వేసుకోవడంతో సమానం.

ఇంతకుముందు షుగర్ గురించి మాట్లాడినప్పుడు మీ దగ్గర ఒక విషయం దాచాను. నాకు హెపటైటిస్ సి, అంటే లివర్‌ను పాడుచేసే వైరస్ జబ్బు, కూడా ఉండేది. మందులు వాడాను, ఇప్పుడు వైరస్ లేదు. మరి ఎందుకు దాచానంటే, ఆ పేరు వినగానే ఎదుటివాళ్ల మొహం ఎలా మారుతుందో చూశాను కాబట్టి. మా అమ్మే ఫోన్‌లో మొదట అడిగింది, "కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంటున్నావా తల్లీ?" అని. నాకు సాయంత్రం, ఆవిడకు తెల్లవారుజాము. రాత్రంతా నిద్రపోలేదని గొంతు వింటేనే తెలిసిపోయింది. ఆ రోజు అమ్మకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఇది రక్తం ద్వారా అంటుకునే వైరస్. కలిసి తింటే రాదు, దగ్గితే రాదు, పిల్లల్ని దగ్గరికి తీసుకుంటే రాదు.

నాకు ఎలా వచ్చిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. 1985లో, నాకు 9 ఏళ్లప్పుడు, ఒక ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారు. అసలు ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంతకుముందు ఎక్కించిన రక్తంలో ఇది ఉందో లేదో చూసే పరీక్షే లేదు. అప్పుడే వచ్చి ఉంటే మాత్రం, ఇన్నేళ్లూ చప్పుడు లేకుండా లివర్‌లోనే ఉంది. నా అలసటంతా షుగర్ ఖాతాలో వేసుకుంటూ వచ్చాను. షుగర్ కోసం చేయించే రక్తపరీక్షల్లో ఏఎల్‌టీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, ప్రతిసారీ కొంచెం ఎక్కువే ఉండేది. "షుగర్ ఉన్నవాళ్లకు ఫ్యాటీ లివర్ మామూలే" అని వదిలేశాం. కొత్త డాక్టర్ ఒకరు హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్ష రాశారు. అది పాజిటివ్ వస్తే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. ఇప్పుడు ఉందా లేదా అనేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చెప్పాలి. నాకు అదీ పాజిటివే.

ఆ రోజు నన్ను నిజంగా వణికించింది మాత్రం వేరే విషయం. మా వారికి కూడా షుగర్. వేలికి గుచ్చుకునే పెన్ను ఇంట్లో ఒక్కటే ఉండేది. ఇద్దరం దాంతోనే చూసుకునేవాళ్లం, కొన్నిసార్లు సూది కూడా మార్చేవాళ్లం కాదు. ఆయన రిపోర్ట్ వచ్చేదాకా నా రిపోర్ట్ గురించి నాకు ఆలోచనే లేదు. నెగటివ్ వచ్చింది. కారులోనే కూర్చుని ఏడ్చేశాను. మీ ఇంట్లో ఇద్దరికి షుగర్ ఉంటే, దయచేసి, సూది మారిస్తే చాలనుకోకండి. పెన్నులు కూడా వేరుగా పెట్టుకోండి. రేజర్లు, టూత్ బ్రష్‌లూ అంతే.

కాసేపు నీడలో నడుద్దాం. షుగర్‌కీ ఈ వైరస్‌కీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు, నేనూ డాక్టర్‌ని అదే అడిగాను. ఇన్సులిన్ చెప్పే మాట లివర్ వినకుండా ఈ వైరస్ అడ్డుపడుతుందట. అందుకే హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో టైప్ 2 షుగర్ ఎక్కువగా కనిపిస్తుంది. మరోవైపు షుగర్, లివర్‌లో చేరిన కొవ్వు కలిసి లివర్ గట్టిపడటాన్ని తొందర చేస్తాయి. రెండు జబ్బులూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయన్నమాట. ఆ మాట విన్నాకే, మందులు పెంచినా నా షుగర్ ఎందుకు దిగిరాలేదో అర్థమైంది.

ట్రీట్‌మెంట్ గురించి నేను భయపడినంత ఏమీ లేదు. సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ కలిసిన టాబ్లెట్, రోజుకు ఒకటి, 12 వారాలు. ఇలాంటి మందులతో 95 శాతానికి పైగా జనానికి వైరస్ పోతుంది. మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా చేశారు, ఎందుకంటే అది లోపల ఉంటే ఈ మందుల సమయంలో మళ్లీ లేవొచ్చు. నేను వేసుకునే ప్రతి మందూ రాసి తీసుకెళ్లాను. కడుపులో మంటకు వేసుకునే మాత్ర ఈ మందును సరిగ్గా ఒంటబట్టనివ్వదట, అది ఆపించారు. కొలెస్ట్రాల్ మాత్రల్లో కూడా కొన్ని వీటితో పడవు.

ఒక పొరపాటు మాత్రం జరిగింది. లివర్ డాక్టర్ వేరు, షుగర్ డాక్టర్ వేరు. ఈ ట్రీట్‌మెంట్ మొదలైందని షుగర్ డాక్టర్‌కి నేను చెప్పనేలేదు. వైరస్ తగ్గుతున్నకొద్దీ ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలవుతుంది, కానీ ఒంట్లో ఇన్సులిన్ పెంచే నా షుగర్ మాత్ర, గ్లిమెపిరైడ్, డోస్ పాతదే. ఐదో వారంలో ఇలాగే నడుస్తుంటే చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. మీటర్‌లో 62. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. అప్పటినుంచి ఈ జేబులో గ్లూకోజ్ బిళ్లలు లేకుండా గుమ్మం దాటను. తర్వాత ఆ డోస్ సగం చేశారు. షుగర్ పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి, నాకు పోలేదు. కానీ మందు తగ్గింది.

టాబ్లెట్లు అయిపోయిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వైరస్ కనిపించలేదు. నయమైందని చెప్పేది ఆ పరీక్షే.

ఇక వ్యాయామం. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. బరువు అంతగా తగ్గకపోయినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువులు, వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ లేకుండా, ఇదీ నాకు పెట్టిన లెక్క. అన్నిటికంటే నేను వదలనిది మాత్రం ఈ తిన్నాక నడకే, ఎందుకంటే దాని ఫలితం ఆ రోజే మీటర్‌లో కనిపిస్తుంది.

బరువుల దగ్గర ఒకసారి చాలా టెన్షన్ పడ్డాను. నయమైన కొన్ని నెలలకు ఉత్సాహంగా కాళ్ల వ్యాయామాలు గట్టిగా చేశాను. రెండు రోజుల తర్వాత రక్తపరీక్ష. ఏఎల్‌టీ, దానిలాంటిదే ఇంకో ఎంజైము ఏఎస్‌టీ, రెండూ పెరిగాయి. వైరస్ మళ్లీ వచ్చిందనుకుని రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఈ వారం బరువులేమైనా ఎత్తారా?" అని. ఆ ఎంజైములు లివర్‌లోనే కాదు, కండరాల్లో కూడా ఉంటాయట. సీకే అనే కండరాల పరీక్ష చేస్తే అది బాగా ఎక్కువ ఉంది, ఆర్‌ఎన్‌ఏ నెగటివ్. వారం బరువులు ఆపి మళ్లీ ఇస్తే అన్నీ మామూలే. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా రెండు రాత్రులు మిగిలేవి, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను. రక్తపరీక్షకు ముందు వారం గట్టి వ్యాయామం చేసి ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ నాకు 8.1 వచ్చింది, సిరోసిస్ దాకా, అంటే లివర్ బాగా గట్టిపడి పాడయ్యేదాకా, వెళ్లలేదు. సిరోసిస్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఊపిరి బిగబట్టి బరువులెత్తకండి. వైరస్ పోయినా సరే, లివర్ క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్ మానకండి. హెపటైటిస్ సి ఒకసారి తగ్గిందంటే మళ్లీ రాదని కూడా లేదు, దీనికి టీకా లేదు. హెపటైటిస్ ఎ, బి టీకాలు ఉన్నాయి, నేను వేయించుకున్నాను. మద్యం ముట్టను.

అదిగో, ఇల్లు వచ్చేసింది. మా వారు మీటర్ బల్లమీద పెట్టి ఉంచారు. ఆయన పెన్ను నీలం, నాది ఎరుపు. ఒక్క నిమిషం... 134.