అనకాపల్లి బెల్లం నుంచి ఏడు పరమాణువుల వలయం దాకా

(విశాఖపట్నంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. విశాఖలో చక్కెర గురించి మాట్లాడుతూ అనకాపల్లి బెల్లాన్ని వదిలేస్తే మీరే ఊరుకోరు. వానాకాలంలో బెల్లం దిమ్మ చెమ్మగిల్లి చేతికి అంటుకుంటుంది కదా? అందులోని సుక్రోజు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోయి గాలిలో తేమను పీల్చుకుంటుంది. సుక్రోజులో గ్లూకోజు వైపు వలయానికి ఆరు పరమాణువులు, ఫ్రక్టోజు వైపు ఐదు. ప్రకృతిలో చక్కెరలు దాదాపు అన్నీ ఈ రెండు సైజుల్లోనే ఉంటాయి. ఏడు కావాలంటే ల్యాబులో మనం కట్టుకోవాల్సిందే.

గ్లూకోజు గొలుసును నేరుగా ఏడుకు ముడివేద్దామంటే మాట వినదు, వీలు దొరికితే ఆరుగానే మూసుకుంటుంది. అందుకే దొడ్డిదారి పట్టాం: ఉన్న ఆరు వలయాన్నే పెద్దది చేయడం.

ముందుగా ఎసిటైల్ రక్షణతో (అంటే OH సమూహాలకు తాత్కాలికంగా తొడుగు వేసి) గ్లూకోజు బ్రోమైడును చేసి, జింకు, ఎసిటిక్ ఆమ్లంతో గ్లూకాల్‌గా మారుస్తాం. 1913లో రసాయన శాస్త్రవేత్తలు ఎమిల్ ఫిషర్, జాక్ చూపిన దారి ఇది. ఆ బ్రోమైడుతో మాత్రం జాగ్రత్త. ఒక ఆగస్టు ఉక్కలో దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం మరిచి ఇంటికెళ్లిపోయాను. తెల్లటి పలుకులు తెల్లారేసరికి గోధుమరంగు బంకయ్యాయి, మూత తీస్తే ఘాటుకు కళ్లు మండాయి. వారం పని పోయింది.

గ్లూకాల్‌లో ఒకటో, రెండో కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటుంది. క్లోరోఫాం, గాఢ సోడియం హైడ్రాక్సైడ్, కొంచెం ఫేజ్ ట్రాన్స్‌ఫర్ ఉత్ప్రేరకం (నీటికీ క్లోరోఫాంకూ మధ్య అయాన్లను మోసేది) వేసి గట్టిగా కలియబెడితే డైక్లోరోకార్బీన్ (రెండు క్లోరిన్లున్న, చురుకైన ఒంటి కార్బన్) పుట్టి ఆ ద్విబంధం మీద కూర్చుంటుంది. (ఎసిటైల్ రక్షణ క్షారానికి ఆగదు, ముందే బెంజైల్‌కు మార్చుకోవాలి. ఏటా ఎవరో ఒకరు ఇది మరిచిపోయి నా దగ్గరకొస్తారు.)

ఇప్పుడు ఆరు వలయాన్ని ఆనుకుని మూడు పరమాణువుల బుల్లి వలయం వచ్చింది. రెండు గదులకూ ఒకటే ఉమ్మడి గోడ. బుల్లి వలయంలో కోణం 60 డిగ్రీలు, కార్బన్‌కు హాయిగా ఉండేది 109.5. అంత టెన్షన్‌లో ఉందన్నమాట. వెండి లవణం వేసి కాస్తే, అది ఒక క్లోరిన్‌ను లాక్కుని తెల్లటి అవక్షేపంగా దిగుతుంది. దాంతోపాటే ఉమ్మడి గోడ కూలుతుంది. మిగిలిన ధనావేశాన్ని వలయంలోని ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్ జంటతో ఆదుకుంటుంది. అక్కడికి ఆల్కహాల్ వచ్చి చేరితే ఏడు వలయం సిద్ధం. టీఎల్‌సీ ప్లేటును (పదార్థాలను వేరువేరు చుక్కలుగా విడదీసి చూపే పలక) సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి వేడిచేయండి, చక్కెర మాడి పాత చుక్క ఉన్నచోట కాక ఇంకోచోట నల్లగా తేలుతుంది. మూడు, నాలుగు, ఐదు కార్బన్ల కుడి-ఎడమ అమరిక మాత్రం చెక్కుచెదరదు. ఆ పని చెరకు మొక్క మనకు ఉచితంగా చేసిపెట్టింది.

దీనివల్ల ఉపయోగమేంటని అడుగుతారు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టం జాక్‌బీన్. దాని గింజల్లోని కంకానవాలిన్ ఎ అనే ప్రొటీన్‌కు ఆరు వలయపు మానోజు, గ్లూకోజులను పట్టుకోవడం అలవాటు. 2005లో దానికి ఏడు వలయపు చక్కెరను ఇచ్చి చూశారు. దాన్నీ పట్టుకుంది.