శాంపిల్ యాప్‌ను విప్పి చూద్దాం: ఫ్లట్టర్ మీద కబుర్లు

హోస్ట్: అన్నా, ఫోన్ యాప్‌లు తయారుచేసే గూగుల్ టూల్ ఫ్లట్టర్‌ను నేర్చుకోవాలనుకునేవాళ్లు వరసపెట్టి వీడియోలు చూస్తుంటారు. మీరేమో శాంపిల్ యాప్ ముందు పెట్టుకుని కూర్చోమంటారు. ఏ యాప్‌తో మొదలుపెట్టాలి?

గెస్ట్: కౌంటర్ యాప్‌తోనే. కొత్త ప్రాజెక్ట్ తెరవగానే ఫ్లట్టర్ తనంతట తానే ఇచ్చేది. ప్లస్ బటన్ నొక్కితే అంకె పెరుగుతుంది, అంతే. చాలామంది ఒక్కసారి రన్ చేసి మొత్తం చెరిపేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందులో సెట్‌స్టేట్ అని ఒక కాల్ ఉంటుంది; డేటా మారింది, స్క్రీన్ మళ్లీ కట్టు అని ఫ్లట్టర్‌కు చెప్పేది అదే. దాన్ని తీసేసి, అంకె పెంచే లైన్ మాత్రం ఉంచండి. ఐదుసార్లు నొక్కండి. స్క్రీన్ మీద సున్నా కదలదు.

హోస్ట్: అంటే లెక్క పెరగలేదా?

గెస్ట్: పెరిగింది! సెట్‌స్టేట్ మళ్లీ పెట్టి సేవ్ చేయండి. హాట్ రీలోడ్, అంటే నడుస్తున్న యాప్ ఆగకుండానే కొత్త కోడ్ ఎక్కడం, అవగానే సున్నా కాస్తా 5 అవుతుంది, మీరు బటన్ ముట్టుకోకపోయినా. డేటా మారడం వేరు, స్క్రీన్ కట్టడం వేరు అని అక్కడ కళ్లకు కడుతుంది. ఇంకెవరూ వివరించక్కర్లేదు.

హోస్ట్: మరి సొంత విడ్జెట్, అంటే స్క్రీన్‌ను కట్టే ముక్క, ఎప్పుడు రాయాలి? బొమ్మను మనమే గీసుకునే కస్టమ్‌పెయింటర్ అంటేనే కొత్తవాళ్లకు టెన్షన్.

గెస్ట్: తొందరగానే రాయాలి. ఎంత శాతం పూర్తయిందో చూపించే గుండ్రటి రింగ్ తీసుకోండి. వంపు గీత గీసే డ్రాఆర్క్‌లో సున్నా కోణం గడియారంలో 3 ఉండే చోట ఉంటుంది. రింగ్ పైనుంచి మొదలవ్వాలంటే మొదలయ్యే కోణంగా −π/2, అంటే పావు చుట్టు వెనక్కి, ఇవ్వాలి. ఇక షుడ్‌రీపెయింట్, అంటే మళ్లీ గీయాలా వద్దా అని చెప్పేది. పాత శాతాన్ని, కొత్త శాతాన్ని పోల్చి, తేడా ఉంటే ట్రూ ఇవ్వాలి. ఎప్పుడూ ఫాల్స్ ఇస్తే శాతం మారినా రింగ్ మారకపోవచ్చు. ఇందాక సెట్‌స్టేట్ దగ్గర చూసిందే మరో రూపంలో ఎదురవుతుంది.

హోస్ట్: రెడీమేడ్ విడ్జెట్లు అన్ని ఉండగా, ఇదంతా అవసరమా అంటారు కొందరు.

గెస్ట్: ఆ రెడీమేడ్‌వాటిని ఎలా కట్టారో చూడమనండి. ఎడిటర్‌లో కంట్రోల్ పట్టుకుని కంటైనర్ అనే విడ్జెట్ పేరు మీద క్లిక్ చేస్తే దాని సోర్స్ కోడ్ తెరుచుకుంటుంది. లోపల పాడింగ్, అలైన్, డెకరేటెడ్‌బాక్స్ లాంటి చిన్న విడ్జెట్లు ఒకదాంట్లో ఒకటి పేర్చి ఉంటాయి. మీరు రాసుకునే విడ్జెట్ కూడా అదే పద్ధతి. అది చూశాక భయం సగం పోతుంది.

హోస్ట్: మన తెలుగు యాప్‌లకు ప్రత్యేకంగా ఏమైనా?

గెస్ట్: ఉంది, ఇది ముఖ్యం. శాంపిళ్లలో ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి లేబుల్ ఎత్తు ఇంత అని బిగించేసినా బాగానే కనిపిస్తుంది. అందులో ‘లక్ష్మి’ అనో ‘స్త్రీ’ అనో పెట్టి చూడండి. చోటు చాలకపోతే కింది వత్తు తెగిపోతుంది. ఎత్తు బిగించకండి. కాన్వాస్ మీద అక్షరాలు మీరే గీస్తుంటే, వాటి కొలత చెప్పే టెక్స్ట్‌పెయింటర్‌తో ముందు లేఅవుట్ చేయించి, అది చెప్పిన ఎత్తు తీసుకోండి. మన భాషలో చదివేవాళ్లకు అక్షరం పూర్తిగా కనబడాలి కదా!

హోస్ట్: వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ప్యాకేజీలు వాడేటప్పుడు?

గెస్ట్: చాలా ప్యాకేజీల్లో ఎగ్జాంపుల్ అనే ఫోల్డర్ ఉంటుంది. అదీ ఒక చిన్న శాంపిల్ యాపే. ముందు దాన్ని రన్ చేసి, తెలుగు పేరొకటి ఇచ్చి చూసి, అప్పుడు మీ ప్రాజెక్ట్‌లోకి తెచ్చుకోండి.