గొంతు మెత్తన, గిటార్ బరువు: పోర్క్యుపైన్ ట్రీ 'ఇన్ ఆబ్సెన్షియా' రివ్యూ

నమస్తే అండి. వీలుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఎందుకంటే ఇవాళ్టి ఆల్బమ్‌లో అసలు సంగతి మొదటి నిమిషంలోనే ఉంది. బ్యాండ్ పేరు పోర్క్యుపైన్ ట్రీ, ఇంగ్లండ్ వాళ్లు. ఆల్బమ్ 'ఇన్ ఆబ్సెన్షియా', 2002 సెప్టెంబర్‌లో వచ్చింది.

మొదటి పాట 'బ్లాకెస్ట్ ఐస్'. సన్నగా గిటార్ మీటుతూ మొదలవుతుంది. మెత్తని పాట వినబోతున్నాం అనుకుంటాం. కొన్ని సెకన్లు గడిచాయో లేదో గరగరలాడే డిస్టార్షన్ గిటార్లు, డ్రమ్స్ కలిసి మీద పడతాయి. సరే, ఇక మెటలే, అంటే హోరెత్తే బరువైన రాకే అని సిద్ధమయ్యేలోపు గొంతు అందుకుంటుంది, ఆ హోరంతా పక్కకు తప్పుకుంటుంది. అకూస్టిక్ గిటార్, నింపాదిగా పాడే బ్యాండ్ నాయకుడు స్టీవెన్ విల్సన్ గొంతు. కోరస్ వచ్చేసరికి మనమూ కూనిరాగం తీస్తుంటాం. కానీ ఆ మాటలు పట్టించుకుని వినండి. ఒక హంతకుడి మనసులోంచి వస్తున్న మాటలవి. పైకి తియ్యగా మాట్లాడే మనిషి లోపల ఏం తిరుగుతోందో మొదట్లో మీద పడ్డ ఆ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ ముక్క, మనకు ముందే చెప్పేసింది. ఈ ఆల్బమ్ బరువెక్కడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనపడదు.

అంతకుముందు వీళ్ల దారి వేరు. 1999లో 'స్టుపిడ్ డ్రీమ్', 2000లో 'లైట్‌బల్బ్ సన్', రెండూ మెలొడీకి పెద్దపీట వేసిన ఆల్బమ్‌లు. ఆ తర్వాత విల్సన్, ఓపెత్ అనే స్వీడన్ మెటల్ బ్యాండ్‌తో కలిసి పనిచేశాడు. 2001లో వచ్చిన వాళ్ల 'బ్లాక్‌వాటర్ పార్క్' ఆల్బమ్‌కి ప్రొడక్షన్‌లో చెయ్యి వేశాడు. ఆ ప్రభావం ఇక్కడ స్పష్టంగా వినిపిస్తుంది. అయితే నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఓపెత్ పాటల్లో మామూలు గొంతుతో పాటు గ్రోల్, అంటే గుర్రుమంటూ పాడే గొంతు కూడా ఉంటుంది. విల్సన్ మెటల్ నుంచి గిటార్లు తెచ్చుకున్నాడు, ఆ గొంతు మాత్రం తెచ్చుకోలేదు. గిటార్ ఎంత మోటుగా మోగినా పాడే మనిషి మారడు. భయం అక్కడే పుడుతుంది.

ఇక డ్రమ్స్. ఈ ఆల్బమ్‌తోనే క్రిస్ మైట్‌ల్యాండ్ స్థానంలో గావిన్ హారిసన్ వచ్చాడు. బ్యాండ్ నడకే మారిపోయింది. 'ద సౌండ్ ఆఫ్ మ్యూజాక్' పెట్టుకుని తల ఊపి చూడండి, ఎక్కడో ఒక దెబ్బ తక్కువైనట్టు ఉంటుంది. చరణం ఏడు లెక్కల్లో నడుస్తుంది. మిశ్ర చాపు అలవాటున్న చెవికి చప్పున దొరికిపోతుంది. లేనివాళ్లకు లెక్క సంగతే గుర్తురాదు, ట్యూన్ అంత సాఫీగా లాక్కుపోతుంది. నేను మాత్రం ఈ పాటను కేవలం డ్రమ్స్‌లోని హైహ్యాట్ (జంట తాళాలు) వినడం కోసం ఎన్నిసార్లు పెట్టుకున్నానో!

ఒక్క పాట వినిపించి ఈ బ్యాండ్ గురించి చెప్పమంటే 'గ్రావిటీ ఐలిడ్స్' వినిపిస్తాను. దాదాపు ఎనిమిది నిమిషాలు. మెలోట్రాన్ అనే పాతకాలపు టేప్ కీబోర్డు, ఎలక్ట్రానిక్ బీట్, నిద్రలో పాడుతున్నట్టు గొంతు. రిచర్డ్ బార్బియెరి కీబోర్డులు గది నిండా పొగమంచులా పరుచుకుంటాయి. సగం పాట ఇలాగే పోతుంది, మన ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. అప్పుడు రిఫ్ దిగుతుంది. తెలిసి విన్నా ప్రతిసారీ నా వెన్ను నిటారుగా అవుతుంది. అదే రిఫ్ మొదటి నిమిషంలో వచ్చి ఉంటే ఇంత బరువు ఉండేది కాదు. ఆ నాలుగు నిమిషాల నెమ్మది దానికి బరువు పెట్టింది.

నచ్చనిది కూడా చెప్పాలి. 'వెడ్డింగ్ నెయిల్స్' పూర్తిగా వాయిద్యాలతో సాగే ట్రాక్. వాయించడం గట్టిగానే ఉంది, కానీ ఆ గొంతు లేకపోయేసరికి రిఫ్ ఎవరి లోపలి మాటా చెప్పట్లేదు. కాసేపటికి నా ధ్యాస పక్కకు పోయింది. 'ద క్రియేటర్ హ్యాజ్ ఎ మాస్టర్‌టేప్' కూడా నాకు అంతగా పట్టలేదు. 'ట్రెయిన్స్' గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అకూస్టిక్ గిటార్, మధ్యలో చప్పట్లు, బాంజో. మెటల్ అంటే భయపడేవాళ్లు అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ఈ దారిలోనే 2005లో 'డెడ్‌వింగ్', 2007లో 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్' వచ్చాయి. ముందు దీన్నే వినండి, షఫుల్ తీసేసి వరుసగా. ఎందుకంటే చివరి రెండు పాటలు విడదీయకూడదు. 'స్ట్రిప్ ద సోల్'లో బేస్, గిటార్ కలిసి మనల్ని నేలకు అదిమేస్తాయి. అది ఆగాక 'కొలాప్స్ ద లైట్ ఇంటు ఎర్త్'. పియానో, తిరిగి తిరిగి వచ్చే అవే కార్డ్స్ (కలిసి మోగే స్వరాలు), వాటి మీదకు మెల్లగా చేరే వయొలిన్లు. గొంతు అదే. ఈసారి దాని వెనక ఏ రిఫూ పొంచి లేదు.