అండాశయపు గడ్డలు: ఏ కణం నుంచి పుట్టాయన్నదే ప్రశ్న

సభకు నమస్కారం.

నెల్లూరు నుంచి ఇక్కడ చెన్నైలోని కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడ, స్కానింగు కాగితం పట్టుకుని మా ల్యాబుకు వచ్చి, "గట్టిదేనని చెప్పారమ్మా, ఇక ఆశ లేనట్టేగా" అని కంట తడి పెట్టుకున్నారు. స్కానింగు గదిలో ఆవిడతో అన్న మాట 'నీర్‌కట్టి'. తమిళంలో కట్టి అంటే గడ్డ, నీర్‌కట్టి అంటే నీటితిత్తి. కట్టిని ఆవిడ గట్టి అని విన్నారు. అది మెత్తనిదే తప్ప గట్టిది కాదు. చెన్నైలో అదే మాటను పీసీఓడీ అనే హార్మోన్ల సమస్యకు కూడా వాడతారు గాని, పీసీఓడీలో కనిపించేవి ఎదుగుదల మధ్యలో ఆగిన చిన్న అండపుటికలే. అవి కణితులు కావు. నెలసరి వయసులో వచ్చే మామూలు నీటితిత్తులు కూడా చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి. నేను ఈరోజు మాట్లాడేది ఇవి కాక మిగిలే అసలైన కణితుల గురించి.

తీసిన గడ్డలను కోసి మైక్రోస్కోపుతో పరీక్షించే పాథాలజిస్టునైన నాకు గడ్డ పరిమాణం కన్నా అది ఏ కణం నుంచి పుట్టిందన్నదే ముఖ్యం. అండాశయంలో మూడు తెగల కణాలున్నాయి: పైనున్న పొర కణాలు, అండాలుగా మారే బీజకణాలు, వాటిని పట్టి ఉంచుతూ హార్మోన్లు తయారుచేసే ఆధార కణాలు. గడ్డ నడత, అది వచ్చే వయసు, చేయవలసిన వైద్యం, అన్నీ ఈ పుట్టుకను బట్టే మారతాయి.

ఎక్కువగా కనిపించేవి పొర కణాల గడ్డలే. అండాశయ కేన్సర్లలో నూటికి 90 దాకా ఈ తెగవే. సీరస్ రకంలో పలుచని నీరుంటుంది, మ్యూసినస్ రకంలో జిగురు ఉంటుంది. ఈ రెండోది కిలోల కొద్దీ పెరిగి, నిండు గర్భమని చూసేవారు పొరబడేలా చేయగలదు. అంత పెద్దదైనా నిరపాయకరం కావచ్చు, నిమ్మకాయంతదైనా కేన్సర్ కావచ్చు. నిరపాయకరానికీ కేన్సర్‌కూ నడుమ 'బార్డర్‌లైన్' అనే రకం ఒకటుంది: కణాలు అతిగా పెరుగుతాయి గాని కింది కండలోకి చొచ్చుకుపోవు. రిపోర్టులో ఈ మాట చూసి కేన్సర్ అని హడలిపోయేవారినీ, ఏమీ లేదని మళ్లీ పరీక్షలకే రానివారినీ చూశాను, రెండూ తప్పే. ఇక వేగంగా పాకే హైగ్రేడ్ సీరస్ కేన్సర్ చాలామందిలో అండాశయంలో కాక, పక్కనున్న అండవాహిక ట్యూబు చివరి కుచ్చుల్లో మొదలవుతుందని ఇప్పుడు తెలిసింది. బీఆర్‌సీఏ1 జన్యుదోషం ఉన్నవారిలో 80 ఏళ్లలోపు అండాశయ కేన్సర్ వచ్చే అవకాశం నూటికి 40 పైచిలుకు, బీఆర్‌సీఏ2 ఉంటే 17 ప్రాంతం. అందుకే ముందుజాగ్రత్తగా చేసే ఆపరేషన్‌లో ట్యూబులను కూడా తీసి, ఆ కుచ్చులను సన్నని ముక్కలుగా కోసి పరీక్షిస్తాం.

బీజకణాల గడ్డల్లో అందరికీ వింతగా తోచేది డెర్మాయిడ్. బల్ల మీద పెట్టి కోస్తే ముందు పేరిన నెయ్యి లాంటి పసుపు ముద్ద బయటకు వస్తుంది. ఒంట్లో ఉన్నప్పుడు అది ద్రవమే, బయటి చల్లదనానికి పేరుకుంటుంది. అందులో చిక్కుపడిన వెంట్రుకల ఉండ, ఒక్కోసారి పూర్తిగా ఏర్పడిన పన్ను కూడా ఉంటాయి. చేతబడి అని గుసగుసలాడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఏ అవయవంగానైనా మారే శక్తి ఉన్న బీజకణం దారి తప్పితే చర్మం, వెంట్రుక, పన్ను పుడతాయి, అంతే. డెర్మాయిడ్ దాదాపు ఎప్పుడూ నిరపాయకరమే గాని, మెలితిరిగితే భరించలేని కడుపునొప్పి వస్తుంది. ఇదే తెగలో డిస్‌జెర్మినోమా, యోక్‌సాక్ వంటి కేన్సర్లు పదిహేను, ఇరవై ఏళ్ల పిల్లలకు వస్తాయి. ఇవి కీమోకు బాగా లొంగుతాయి కనుక చాలామందిలో గర్భసంచినీ రెండో అండాశయాన్నీ కాపాడవచ్చు; ఆ పిల్లలు తరువాత తల్లులు కాగలరు.

ఆధార కణాల గడ్డల్లో కొన్ని తమ హార్మోన్లతోనే బయటపడతాయి. గ్రాన్యులోసా గడ్డ స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ చేస్తుంది, కాబట్టి ముట్లుడిగిన ఏళ్ల తరువాత మళ్లీ రక్తం కనిపించవచ్చు. తీసేసిన పదేళ్లకు, ఇరవై ఏళ్లకు కూడా ఇది తిరిగి రాగలదు. సెర్టోలి-లైడిగ్ గడ్డ పురుష హార్మోన్ చేస్తే గొంతు బొంగురుపోయి, మీసాలు వస్తాయి. ఇదే తెగలోని ఫైబ్రోమాతో కొందరికి పొట్టలోనూ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి, ముదిరిన కేన్సర్‌లా భయపెడుతుంది. గడ్డ తీస్తే ఆ నీరూ పోతుంది. దీన్నే మీగ్స్ సిండ్రోమ్ అంటారు. ఇవి గాక, జీర్ణాశయం నుంచి వలస వచ్చే క్రూకెన్‌బర్గ్ గడ్డ ఉంది. 1896లో దాన్ని వర్ణించిన క్రూకెన్‌బర్గ్ స్వయంగా అది అండాశయంలోనే పుట్టిందనుకున్నాడు.

సీఏ-125 రక్తపరీక్ష గురించి ఒక మాట. అంకె 35 దాటగానే కేన్సర్ కాదు. నెలసరిలోనూ, గర్భసంచి లోపొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ, మన దేశంలో తరచుగా ఎదురయ్యే పొట్ట క్షయలోనూ అది పెరుగుతుంది. ఇంతకన్నా నన్ను బాధపెట్టేది మరొకటుంది. అనుమానపు గడ్డను సూదితో గుచ్చి నీరు తీసి, ఆ నీటిని మాకు పంపిన ఆసుపత్రి ఒకటుంది, పేరు అనవసరం. ఒక్క అండాశయానికే పరిమితమై చెక్కుచెదరని కేన్సర్ 1ఏ దశ. అదే సూదిపోటుకో మరోలాగో పగిలి లోపలిది పొట్టలోకి ఒలికితే 1సీ, అంటే అంతకన్నా పైదశ.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగితే గడ్డ ఎన్ని సెంటీమీటర్లని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఏ కణం, నిరపాయకరమా, బార్డర్‌లైనా, కేన్సరా, పైపొర చెక్కుచెదరలేదా అని అడగండి. అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోనో మరోచోటో రెండో అభిప్రాయం కావాలనుకుంటే రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లనూ, మైనంలో పొదిగిన కండముక్కల బ్లాకులనూ అడిగి తీసుకువెళ్లండి.