వేదిక్ మల్టిప్లయర్: 'చేతిలో ఒకటి' దగ్గరే అసలు కథ

వేదిక్ మల్టిప్లయర్ అంటే 'వేదగణితం' పద్ధతిలో గుణించే సర్క్యూట్. ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పిల్లలు అడిగేది ఒకటే. "సార్, వేదిక్ పద్ధతిలో గుణకారాలు తక్కువ, అందుకే ఫాస్ట్ కదా?" కాదు బాబూ! ఒక్కటీ తగ్గదు. చేసి చూద్దాం.

23 ఇంటూ 14. వేదిక్ పద్ధతి సూత్రం ఊర్ధ్వ తిర్యక్, అంటే నిలువుగా, ఏటవాలుగా. ఒకట్లు: మూడు నాలుగులు 12. ఏటవాలుగా: రెండు నాలుగులు 8, మూడొకట్లు 3, మొత్తం 11. పదుల అంకెలు: రెండొకట్లు 2, ఇది వందల స్థానానికి. ఇప్పుడు 12కి 2 వేసి, చేతిలో ఒకటి. 11కి అది కలిపితే 12. మళ్లీ 2 వేసి, చేతిలో ఒకటి. 2కి అది కలిపితే 3. జవాబు 322. గుణకారాలు నాలుగు. బడిలో నేర్పిన పద్ధతిలోనూ నాలుగే!

చిప్‌లో ఆ నాలుగూ సమస్య కాదు. రెండు బిట్ల (రెండేసి 0/1 అంకెల) మల్టిప్లయర్‌కి నాలుగు అండ్ గేట్లు (బిట్లను గుణించేవి), రెండు హాఫ్ యాడర్లు (రెండు బిట్లను కలిపేవి) చాలు. గేట్లు నాలుగూ ఒకేసారి పనిచేస్తాయి. ఆలస్యమంతా 'చేతిలో ఒకటి' దగ్గరే. వందల స్థానం పదుల కోసం, పదులు ఒకట్ల కోసం ఆగాలి. 32 బిట్లకి, చేతిలో ఒకటిని స్థానం నుంచి స్థానానికి వరసగా పంపే రిపుల్ క్యారీ యాడర్ పెట్టారనుకోండి, ఆ ఒకటి చేతులు మారుతూ మారుతూ చివరికి చేరేసరికి... మీ సూత్రం ఏం చేస్తుంది పాపం!

1964లో కంప్యూటర్ శాస్త్రవేత్త వాలస్ ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి చేసిన పని ఇది. చేతిలో ఒకటిని వెంటనే పక్కవాడికి తోసెయ్యకుండా విడిగా దాచుకుంటూ వచ్చి, చివర్లో ఒక్కసారి కలపడం. మరుసటి ఏడాది ఇటలీ ఇంజనీర్ దద్దా దాన్ని ఇంకా పొదుపు చేశాడు. ఈ వేదిక్ సూత్రాలు చెప్పిన భారతీ కృష్ణ తీర్థ పుస్తకం అచ్చయిందీ ఆ 1965లోనే. ఆ సూత్రాలు మనకు దొరికే వేదాల్లో కనబడవు, పేరు గొడవ నాకొద్దు గానీ, వరసలు వరసలుగా కలుపుకుంటూ పోయే మామూలు అర్రే మల్టిప్లయర్‌తో పోల్చి "మాదే ఫాస్ట్" అని రిపోర్టులో రాస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. వాలస్‌తో పోల్చండి, అప్పుడు చూద్దాం.

టైమ్ అయిపోతోంది, గబగబా రెండు మాటలు. ఎఫ్‌పీజీఏలో (మనకు కావాల్సిన సర్క్యూట్ పెట్టుకునే చిప్) వెరిలాగ్‌లో (సర్క్యూట్‌ని రాసే భాష) గుణకారానికి ఉత్త స్టార్ గుర్తు పెట్టినా, కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే టూల్ సాధారణంగా దాన్ని చిప్ లోపల రెడీగా ఉన్న డీఎస్‌పీ బ్లాక్‌కే (గుణకారం కోసం కట్టిన భాగం) ఇస్తుంది. దాన్ని గెలవడం కష్టం.

నిజంగా గుణకారం తగ్గేది వర్గం చేసేటప్పుడు. 23 ఇంటూ 23లో ఏటవాలువి రెండూ ఒకటే, 6. ఒక్కసారి చేసి, ఒక బిట్ ఎడమకి జరిపితే (చిప్‌లో అంటే రెట్టింపు) 12. నాలుగు కాస్తా మూడైంది. 529 వచ్చిందో లేదో మీరే వేసి చూడండి, స్క్వేరర్ (వర్గం చేసే సర్క్యూట్) కోడ్ వచ్చే వీడియోలో.