పీఎం పాలెం స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్: ఏ సీటు కొనాలి, ఎప్పుడు బయల్దేరాలి

నమస్కారం. మధురవాడ దగ్గర మన పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ చూడాలనుకుంటే, టికెట్ కొనక ముందే ఈ వీడియో చూడండి. కొన్నాక చూస్తే సగమే పనికొస్తుంది. అసలు సంగతంతా మీ సీటు ఏ దిక్కున ఉందన్న దాంట్లోనే ఉంది.

[తెరపై: స్టేడియం పటం. తూర్పు స్టాండ్లు ఎరుపు, పడమటి స్టాండ్లు నీలం]

క్రికెట్ పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, సాయంత్రం ఎండ బ్యాటర్ కళ్ళలో పడకూడదని. ప్రేక్షకుడికి మాత్రం అలాంటి రక్షణ లేదు. తూర్పు స్టాండ్లలో కూర్చుంటే పడమటి ఎండ నేరుగా మొహానికి తగులుతుంది. 2025 మార్చి 30న ఢిల్లీ, హైదరాబాద్ మ్యాచ్ ఇక్కడ మధ్యాహ్నం 3:30కి మొదలైంది. మార్చి నెలాఖర్లో విశాఖలో పొద్దుగూకేది 6:10 ప్రాంతంలో. అంటే మొదటి ఇన్నింగ్స్ మొత్తం ఎండలోనే. పైగా సముద్రం దగ్గర కాబట్టి ఉక్కపోత, పట్టిన చెమట ఆరదు. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ తీసుకెళ్తుంటే, మధ్యాహ్నం మ్యాచ్‌కి పడమటి వైపే కొనండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

7:30 మ్యాచ్ అయితే ఎండ బెంగ లేదు, ఆట ఎలా కనిపిస్తుందో చూసుకుంటే చాలు. పిచ్ రెండు చివర్లకీ పేర్లున్నాయి, విజ్జీ ఎండ్, డీవీ సుబ్బారావు ఎండ్ అని. వాటి వెనక కూర్చుంటే స్వింగ్, స్పిన్ స్పష్టంగా తెలుస్తాయి. పక్క స్టాండ్ల నుంచి రనౌట్లు, బౌన్స్ బాగా కనిపిస్తాయి. కింది వరసల్లో ఫీల్డర్ చేతికి అందేంత దగ్గరగా ఉంటాడు గానీ, గాల్లోకి లేచిన బంతి బౌండరీ దాటుతుందా లేదా అన్నది అందదు. ఆట తెలిసినవాళ్ళకి మేం చెప్పేది పై అంతస్తే. ఫీల్డింగ్ అమరిక మొత్తం అక్కణ్ణించే కనిపిస్తుంది.

ఇక గేటు దగ్గర. పవర్ బ్యాంకు, నీళ్ళ సీసా, నాణేలు, లైటరు, హెల్మెట్ మామూలుగా లోపలికి రానివ్వరు. బండి మీద వస్తే హెల్మెట్‌ను బండికే తాళం వేసే ఏర్పాటు చేసుకోండి, లేదంటే గేటు దాకా వచ్చి మళ్ళీ పార్కింగ్‌కి నడవాలి. ఆన్‌లైన్‌లో కొన్నది అసలు టికెట్‌గా మార్చుకోవాలా, క్యూఆర్ కోడ్ చాలా అన్నది బుకింగ్ మెసేజ్‌లో ఉంటుంది. మార్చుకోవాలంటే ముందురోజే ఆ పని ముగించండి.

వేలమంది ఒకేచోట చేరితే ఫోన్ సిగ్నల్ ఉన్నట్టే కనిపిస్తుంది, నెట్ మాత్రం కదలదు. యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. అందుకే తిండికీ నీళ్ళకీ 50, 100 నోట్లు జేబులో ఉంచుకోండి. టికెట్‌ను ఇంటి దగ్గరే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. తప్పిపోతే ఏ గేటు దగ్గర కలవాలో ముందే అనుకోండి. చిన్నపిల్లల చేతి మీద పెన్నుతో మీ నంబరు రాయండి.

మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ దాటుకుని వచ్చే జాతీయ రహదారే అందరి దారీ. మధురవాడ వైపు బస్సులు ఇటే వస్తాయి. రాత్రి మ్యాచ్‌కి 5:30 కల్లా గేటు దగ్గరుండండి. 7 గంటలకి టాస్, అది వదులుకోవద్దు. రాత్రి మంచు పడితే బంతి తడిసి బౌలర్ చేతిలో జారుతుంది, అందుకే చాలామంది కెప్టెన్లు ఛేజింగ్, అంటే రెండో బ్యాటింగ్ కోరుకుంటారు. 2025 మార్చి 24న లక్నో ఇక్కడ 209 కొట్టినా, ఢిల్లీ ఒక్క వికెట్ మిగిలుండగా ఛేదించేసింది.

బాత్రూమ్‌కి ఇన్నింగ్స్ విరామంలో వెళ్ళకండి. ఆ 20 నిమిషాలూ క్యూలోనే అయిపోతాయి. 10, 11 ఓవర్ల మధ్య లేవండి. ఓవర్‌కి నాలుగు నిమిషాలు చొప్పున వేసుకుంటే రెండు ఓవర్లలో సీట్లోకి వచ్చేయొచ్చు.

మ్యాచ్ అయ్యేసరికి రాత్రి 11 దాటుతుంది. స్టేడియం ముందే ఆటో బేరమాడితే చెప్పిందే రేటు. కార్ షెడ్ జంక్షన్ వైపో, ఎండాడ వైపో కొంచెం నడిచి ఎక్కండి. కారులో వచ్చినవాళ్ళు మాత్రం ట్రాఫిక్ పోలీసులు ముందురోజు ప్రకటించే మళ్ళింపులు చూసుకుని, ఇంటివైపు రోడ్డెక్కడానికి వీలైన పార్కింగ్‌లోనే బండి పెట్టండి.