గడిని దర్వాజా దగ్గర నుంచి చూడండి

నమస్కారం. నల్లగొండ వైపు ఏ ఊరి గడి, అంటే దొర ఉండే పెద్ద ఇంటి, వీడియో తెరిచినా పైన ‘రాజుగారి కోట’ అని రాసి ఉంటుంది. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. గద్వాలలో రాజు సోమనాద్రి కట్టించినది కోట, సరే. పల్లెల్లోని ఈ గడీలు చాలావరకు దేశ్‌ముఖులవి, నిజాం రాజ్యంలో శిస్తు వసూలు చేసిన కుటుంబాలవి. నిజాం దివాను సాలార్‌జంగ్ సంస్కరణలతో వసూలు పని సర్కారు చేతికి పోయినా, భూములూ పెత్తనమూ వాళ్ల దగ్గరే మిగిలాయి. వాళ్లకు శత్రు సైన్యం భయం ఎక్కడిది? ఊరి జనాన్ని లెక్కలో పెట్టుకునే ఈ గోడలు లేపారు.

నా దృష్టిలో గడి ఒక జల్లెడ. ఊరిని వడకట్టే జల్లెడ.

[దృశ్యం: పెద్ద దర్వాజా]

టేకు తలుపులు, వాటి నిండా ఇనుప గుబ్బలు. అందరూ వీటినే ఫొటో తీస్తారు. కిందనున్న ఈ చిన్న దిడ్డి తలుపు చూడండి. నడుం వంచితే గానీ నేను దూరలేకపోయాను. మొదటి జల్లెడ ఇదే. దాటితే బయటి ఆవరణ. రైతులూ వెట్టికి వచ్చినవాళ్లూ ఇక్కడే, ఎండలోనే నిలబడాలి. ఎదురుగా అరుగు నా ఛాతీ దాకా ఉంది. దొర దానిమీద కూర్చుంటే, కింద నిలబడ్డ మనిషికి ఎదురుగా కనిపించేవి ఆయన పాదాలే. ఈ ఎత్తు ఊరికే పెట్టింది కాదు.

ఆ వెనక మండువా లోగిలి. చెక్కిన స్తంభాలు, మధ్యలో ఆకాశం. అక్కడికి వచ్చేసరికి జల్లెడ కన్నాలు బాగా సన్నబడతాయి, బంధువులూ ఇంట్లో పనిచేసేవాళ్లూ తప్ప ఎవరూ మిగలరు. పండించినవాడు ఆవరణలోనే ఆగిపోతాడు, అతని ధాన్యం మాత్రం ఎక్కడా ఆగకుండా పాతర దాకా పోతుంది.

1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో, జనం దొర పెత్తనాన్ని ఎదిరిస్తూ ఊరేగింపుగా గడి ముందుకు వచ్చారు. విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. ఊరేగింపులో ఉన్న దొడ్డి కొమరయ్య అక్కడే ఒరిగిపోయాడు. ఒక్కొక్కరినీ వంచి లోపలికి తీసుకునే దర్వాజా ముందు ఊరంతా తలెత్తి నిలబడింది. ఆ మరణంతో రాజుకున్న తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 దాకా సాగింది.

సమయం అయిపోతోంది, గోడల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇది గానుగ సున్నం. ఇసుక కలిపి, బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ పోసి నూరేవారు. ఇది తేమను పీల్చుకుని బయటికి వదిలేస్తుంది. మీ ఊరి గడిని బడికో ఆఫీసుకో బాగుచేస్తుంటే దీనిమీద సిమెంటు పూయనివ్వకండి. తేమ లోపలే ఇరుక్కుని పాత సున్నం పెచ్చులుగా ఊడిపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వెతికి పిలిపించండి.